ఆగిన ఇంజను, ఆగని రెక్క

ఎగురుచున్న విమానమునకు ఇంజను ఆగిపోయినచో అది గ్రద్దవలె రెక్కలు చాచుకొని, గాలిలో జారుచు కొంతదూరము పోయి దిగగలదని చాలమందికి తెలియును. హెలికాప్టరు సంగతి ఏమి? దానికి చాచిన రెక్కలు లేవు. ఉన్న రెక్కలను ఇంజను త్రిప్పుచున్నది. ఇంజను ఆగినచో రెక్కలు ఆగును, రెక్కలు ఆగినచో యంత్రము రాయివలె పడును అని సామాన్యముగా అందరు తలచెదరు. తరగతిలో ఎవరైన విద్యార్థి అడిగినను తరచుగా వచ్చు సమాధానము ఇదే. ఇది నిజము కాదు. ఇంజను ఆగిన హెలికాప్టరును క్షేమముగా నేలకు దింపు విద్య ఒకటి కలదు. దానిని ఆటోరొటేషన్ అందురు. తెలుగులో స్వయంభ్రమణము అనవచ్చును.

చేతిలోని రేడియో పెట్టెతో చిన్న హెలికాప్టరులను ఎగురవేయు అభిరుచి ఇప్పుడు ప్రపంచమంతట వ్యాపించినది. వారు నేర్చుకొను కఠినవిద్యలలో ఇది ముఖ్యమైనది. యంత్రమును తలక్రిందులుగా నిలుపుట, గాలిలో పల్టీలు కొట్టించుట చూచువారికి ఎక్కువ అబ్బురము కలిగించును గాని, అవన్నియు ఇంజను బలముతో చేయు పనులు. స్వయంభ్రమణమున ఇంజను సాయము లేదు. చివరి ఒకటి రెండు సెకన్లలో తప్పు జరిగినచో దిద్దుకొనుటకు వీలుండదు.

ఇందలి మర్మము తెలిసికొనుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల ఉపాధ్యాయునికి కావలసిన ఉదాహరణములు ఊరిలోనే దొరకును. ఆదోనికి చేరువనున్న ఆస్పరి పరిసరములలో విద్యుత్తు పుట్టించు గాలిమరలు ఉన్నవి. వాని రెక్కలను ఏ ఇంజనును త్రిప్పుట లేదు, గాలి త్రిప్పుచున్నది. గాలి రెక్కల మీదికి వచ్చుటయు, రెక్కలే గాలిలోనికి పోవుటయు ఫలితమునకు ఒక్కటే. క్రిందికి దిగుచున్న హెలికాప్టరుకు గాలి అడుగునుండి పైకి వీచుచున్నట్లు ఉండును. ఆ గాలిలో దాని రెక్కలు గాలిమర రెక్కలవలె తమంతట తాము తిరుగును. మాధవీలత విత్తనమునకు మూడు పొరల రెక్కలుండును. చెట్టునుండి రాలునపుడు అది గిరగిర తిరుగుచు మెల్లగా నేలకు దిగును. దానికి ఇంజను ఎక్కడిది?

రెండవ ఉదాహరణము కుమ్మరి సారె. కుమ్మరి కఱ్ఱతో సారెను వడిగా త్రిప్పి, కఱ్ఱ తీసివేసి, మట్టిముద్దపై చేతులు ఉంచును. అప్పుడు కుండను లేపునది సారెలో నిలువయున్న భ్రమణశక్తి. చేయి గట్టిగా నొక్కినకొలది సారె వేగము తగ్గును. మరల కఱ్ఱతో త్రిప్పవలెను. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడిన ఊరు గనుక, తకిలి అడుగున బిళ్ల ఎందుకుండునో అచ్చటి పిల్లలకు చెప్పనక్కరలేదు. బిళ్ల లేని తకిలి రెండు చుట్లు తిరిగి ఆగిపోవును. హెలికాప్టరు చోదకుడును నేలకు చేరువైనపుడు తన రెక్కలలో నిలువయున్న శక్తినే ఖర్చుపెట్టి దిగవలెను. కుమ్మరికివలె రెండవసారి త్రిప్పుకొను వసతి మాత్రము అతనికి లేదు.

ఆటోగైరో కథ

ఈ సూత్రమును యంత్రములో మొదట సాధించినది హెలికాప్టరు నిర్మాతలు కాదు. స్పెయిను దేశమున ముర్సియా పట్టణములో 1895లో జన్మించిన హువాన్ దె లా సియెర్వా అను ఇంజనీరు ఆ పని చేసెను. 1919లో అతడు రూపొందించిన మూడింజనుల విమానము నేలకు దగ్గరగా ఎగురుచు, వేగము తగ్గుటచే రెక్కలు పట్టుతప్పి కూలినది. విమానపు రెక్క గాలిలో వేగముగా పోయినంతకాలమే బరువు మోయును. వేగము తగ్గినను మోయగల రెక్క ఉండరాదా అని సియెర్వా ఆలోచించెను. యంత్రము నెమ్మదించినను రెక్క మాత్రము వేగముగా కదలుచుండవలెనన్నచో అది గుండ్రముగా తిరుగవలెను. అందువలన అతడు ముందువైపు మామూలు ఇంజనును, మరను ఉంచి, నెత్తిమీద ఏ ఇంజనుకును తగిలింపని రెక్కల చక్రమును అమర్చెను. యంత్రము ముందుకు సాగగా గాలి తాకి ఆ చక్రము దానంతట అది తిరుగును. దీనికి అతడు ఆటోగైరో అని పేరు పెట్టెను.

మొదటి యంత్రములు ఎగురలేదు, ప్రక్కకు ఒరిగిపోయెను. తిరుగు చక్రములో ఒకవైపు రెక్క గాలికి ఎదురుగా, రెండవవైపు రెక్క గాలితోపాటుగా పోవును. ఎదురేగు రెక్కకు బలము ఎక్కువ, కనుక యంత్రము పల్టీ కొట్టును. చిత్రమేమనగా, సియెర్వా చేసిన చిన్న నమూనా మాత్రము చక్కగా ఎగిరినది. కారణము వెదకగా, నమూనా రెక్కలకు బెత్తమువంటి వంగు పుల్లలు వాడినట్లు, పెద్ద యంత్రపు రెక్కలు బిఱ్ఱుగా ఉన్నట్లు తేలెను. వంగు రెక్క ఎదురుగాలిలో కొంచెము పైకి లేచి, అదనపు బలమును తానే సరిపెట్టుకొనుచున్నది. అంతట అతడు పెద్ద రెక్కల మొదట కీలు అమర్చి, అవి పైకి క్రిందికి ఆడునట్లు చేసెను. చిన్న నమూనా పెద్ద యంత్రమునకు పాఠము చెప్పుట ఈ చరిత్రలో ఇది మొదటిసారి, చివరిసారి కాదు.

నాలుగవ నమూనా ఆటోగైరో 1923 జనవరిలో మాడ్రిడ్ సమీపమున ఎగిరెను. దానిని నడపినవాడు అలెహాంద్రో గోమెస్ స్పెన్సర్. కొలది దినములకే, సుమారు పది మీటర్ల ఎత్తున ఎగురుచుండగా, ముక్కు పైకెత్తియున్న స్థితిలో దాని ఇంజను ఆగిపోయెను. మామూలు విమానమైనచో తప్పక కూలవలసిన పరిస్థితి అది. ఆటోగైరో మాత్రము దాదాపు నిట్టనిలువుగా మెల్లగా దిగి, చెక్కుచెదరక నేలమీద నిలిచెను. సియెర్వాకు కావలసిన రుజువు ఆ విధముగా అనుకొనకుండ లభించెను. 1928 సెప్టెంబరు 18న అతడు ఆటోగైరోలో ఇంగ్లీషు ఛానలు దాటెను. 1936 డిసెంబరు 9న లండను వద్ద క్రోయిడన్ విమానాశ్రయమున పైకి లేచుచు కూలిన విమాన ప్రమాదములో అతడు మరణించెను. ఆ విమానము ఆటోగైరో కాదు, మామూలు రెక్కల విమానము. అందులో అతడు ప్రయాణికుడు మాత్రమే.

రెక్క ఎట్లు తిరుగుచున్నదో లెక్కలతో తేల్చినవారిలో ముఖ్యుడు హెర్మన్ గ్లావర్ట్. ఇంగ్లండులో ఫార్న్‌బరో పరిశోధనాలయమున పనిచేసిన ఈ గణితజ్ఞుడు 1926లో ఆటోగైరో సిద్ధాంతమును ప్రకటించెను. స్వయంభ్రమణమున ఒకే రెక్కలో మూడు భాగములు మూడు విధముల పనిచేయును. మొదలునుండి నాలుగవవంతు వరకు గల భాగము నెమ్మదిగా కదలుచుండుటచే గాలిని సరిగా పట్టలేదు. అది వట్టి భారము. అచ్చటనుండి సుమారు డెబ్బది శాతము వరకు గల నడిమిభాగముపై గాలిబలము కొంచెము ముందుకు వంగి, రెక్కను ముందుకు లాగును. మిగిలిన కొనభాగము యంత్రపు బరువులో చాలవంతు మోయును గాని వెనుకకు ఈడ్చుచుండును. ఒక విధముగా నడిమిభాగము ఇంజను, కొనభాగము దాని చేత నడపబడు యంత్రము. ఈ రెండును సరిసమానముగా ఉన్నంతసేపు చక్రము ఒకే వేగముతో తిరుగుచుండును. అట్లు తిరుగు చక్రము, అంతే వైశాల్యము గల పారాషూటుతో ఇంచుమించు సమానముగా గాలిని అడ్డగించునన్నది ఆశ్చర్యకరమైన విషయము. చక్రము వైశాల్యములో రెక్కలు ఆక్రమించు చోటు చాల స్వల్పము గదా!

చోదకుని చేతిపని

ఆటోగైరో రెక్కలు ఎప్పుడును గాలికే తిరుగును గనుక, ఇంజను ఆగినపుడు చోదకుడు ప్రత్యేకముగా చేయవలసినది తక్కువ. హెలికాప్టరు అట్లు కాదు. దాని రెక్కలను ఇంజను త్రిప్పుచున్నపుడు అవి గాలిని క్రిందికి నెట్టుటకు ఎక్కువ వాలుతో ఉండును. ఇంజను ఆగిన తరువాతకూడ ఆ వాలు అట్లే ఉన్నచో, గాలి ఒరిపిడికి రెక్కల వేగము ఒకటి రెండు సెకన్లలోనే పడిపోవును. మరల పెంచుట అసాధ్యము. అందువలన చోదకుడు వెంటనే రెక్కల వాలు తగ్గించివేయవలెను.

చెప్పుట సులభము. పడిపోవుచున్న మనిషి పైకి లాగుకొనచూచును గాని, ఇంకను క్రిందికి పోవుటకు సమ్మతింపడు. చోదకుని ఎడమచేతి పిడి పైకెత్తినచో రెక్కల వాలు పెరిగి యంత్రము లేచును, దించినచో తగ్గి దిగును. ఇంజను చచ్చి యంత్రము క్రుంగుచుండగా చేయి తనంతట తాను పిడిని పైకి లాగును. ప్రాణము నిలుపునది మాత్రము పిడిని క్రిందికి నొక్కుట. స్వయంభ్రమణ శిక్షణలో మొదటి భాగమంతయు ఈ సహజగుణమును మాన్పించుటకే సరిపోవును.

పిడి దించిన తరువాత యంత్రము సెకనుకు ఎనిమిది పది మీటర్ల చొప్పున, ముందుకు సాగుచు దిగును. నేల సమీపించినపుడు చోదకుడు ముక్కును పైకెత్తును. దానితో ముందుకు పోవు వేగము తగ్గును. అడుగునుండి గాలి మరింత తాకి రెక్కల వేగము కొంచెము పెరుగును. పిమ్మట యంత్రమును సమముగా చేసి, పిడిని పైకి లాగి, రెక్కలలో నిలువయున్న శక్తిని ఒక్కసారి ఖర్చుచేసి నేలపై నిలుపవలెను. ముందుగా లాగినచో శక్తి గాలిలోనే అయిపోయి యంత్రము ధబ్బున పడును. ఆలసించినచో వేగము తగ్గకముందే నేల తగులును.

పూర్తిగా ఇంజను ఆపి హెలికాప్టరును ఈ విధముగా దింపిన తొలి ఘట్టము జర్మనీలో జరిగినది. హైన్రిఖ్ ఫోకె నిర్మించిన ఎఫ్.డబ్ల్యు. 61 అను యంత్రము 1936 జూన్ 26న మొదట ఎగిరెను. 1937 మే 10న దాని ఇంజను ఆపి, స్వయంభ్రమణముతో నేలకు దింపిరి. హెలికాప్టరు నమ్మదగిన వాహనమగుటకు ఆ దినమే పునాది అని చెప్పవచ్చును. ఇంజను ఆగినచో చావు తప్పని వాహనములో ప్రయాణికులను ఎక్కించుకొనుటకు ఏ ప్రభుత్వము అనుమతించును?

ఈ విద్యకు ఎల్లలున్నవి. నేలకు రెండు మూడు మీటర్ల ఎత్తున ఇంజను ఆగినచో రెక్కలలోని శక్తియే దిగుటకు చాలును. చాల ఎత్తున ఆగినచో వేగము కూడగట్టుకొనుటకు సమయముండును. నడిమి ఎత్తులలో, ముందుకు వేగము లేక నిలిచియున్నపుడు ఆగుటయే ప్రమాదము. ప్రతి హెలికాప్టరుకును ఇట్టి అపాయస్థలమును చూపు ఎత్తు-వేగముల పటము ఉండును. ఎన్నికల సభలకు పాఠశాల మైదానములలో దిగు హెలికాప్టరులను చూచిన విద్యార్థులు ఒక సంగతి గమనించియుందురు. అది తిరిగి పోవునపుడు నిట్టనిలువుగా లేవదు. కొంచెము లేచి, ముక్కు వంచి, నేలకు దగ్గరగా ముందుకు పరుగెత్తి, ఆ తరువాత పైకి పోవును. అది చోదకుని సొగసు కాదు, ఆ పటములోని అపాయస్థలమును తప్పించుకొను ఉపాయము.

మరియొక ఎల్లయు కలదు. 2009 సెప్టెంబరు 2న ఆనాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టరు, నాటి కర్నూలు జిల్లాలోని నల్లమల అడవిలో పావురాలగుట్టపై కూలి, అందులోని ఐదుగురును మరణించిరి. విచారణ సంఘము తేల్చిన కారణము ఇంజను ఆగుట కాదు. తీవ్రమైన వాతావరణములో బలమైన దిగుడుగాలికి లోనై అదుపు తప్పుట. స్వయంభ్రమణము ఇంజను లోపమునకు మందు. నేల కనబడని మేఘములో అది అక్కరకు రాదు.

దీర్ఘమైన స్వయంభ్రమణము ఫ్రాన్సులో జరిగినది. 1972 జూన్ 21న జాన్ బూలే అను చోదకుడు లామా అను హెలికాప్టరులో 12,442 మీటర్ల ఎత్తుకు పోయి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. దిగుటకై ఇంజను బలము తగ్గించగా, ఆ చలిలో మంట ఆరిపోయి ఇంజను మరల రాజుకొనలేదు. అంత ఎత్తునుండి నేలవరకు బూలే స్వయంభ్రమణముతోనే దిగెను. భారత సైన్యపు అవసరములను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన యంత్రమే ఈ లామా. చీతా అను పేరుతో బెంగుళూరులోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ దీనిని మన దేశమున నిర్మించెను.

కోడిగ్రుడ్డు ప్రయాణికుడు

చిన్న నమూనాల కథలో అందరికంటె పెద్దపేరు ఆర్థర్ యంగ్ అను అమెరికనుది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున గణితము చదివిన ఇతడు 1928లో హెలికాప్టరు పని చేపట్టెను. చేతిలో కర్మాగారము లేదు, జీతమిచ్చు సంస్థ లేదు. అతడు పెద్ద యంత్రము జోలికి పోక, పన్నెండు సంవత్సరములకు పైగా చిన్న నమూనాలనే చేసి ఎగురవేసెను. అవి మాటిమాటికి కూలుచుండెను. కూలినపుడు త్వరగా బాగుచేసికొను వీలుండునట్లు వానిని నిర్మించుటయే అతని తెలివి. పెద్ద యంత్రము ఒకసారి కూలినచో ధనమును, కాలమును, ఒక్కొక్కపుడు ప్రాణమును పోవును. నమూనా కూలినచో సాయంకాలమునకు మరల సిద్ధము. రెక్కలకు అడ్డముగా, కొనలయందు బరువులు గల కడ్డీని అమర్చినచో హెలికాప్టరు నిలకడగా ఉండునని అతడు ఈ విధముగా కనుగొనెను. విద్యుత్తుతో నడచు నమూనాను దూరమునుండి తీగెల ద్వారా అదుపుచేయుచు, గదిలో నుండి వాకిలి గుండ బయటకు పోవునంత కచ్చితముగా నడపగలిగెను.

1941లో యంగ్ తన నమూనాతో బెల్ విమాన కర్మాగారమునకు పోయి ప్రదర్శన ఇచ్చెను. ఆ సంస్థ అతనిని చేర్చుకొనెను. ఇంజను ఆగినచో ఏమగునన్న సందేహము అచ్చటను తలెత్తెను. యంగ్ నిలువుతీగెపై పైకి ప్రాకి దిగు నమూనా ఒకటి చేసి, అందులో పచ్చి కోడిగ్రుడ్డును ప్రయాణికునిగా ఉంచి, పైన విద్యుత్తు ఆపివేసెను. రెక్కలలో నిలువయున్న శక్తితో నమూనా దిగెను, గ్రుడ్డు పగులలేదు. ఉపన్యాసము అక్కరలేని రుజువు అది. అతని ఆలోచనలతో రూపొందిన బెల్ 47 హెలికాప్టరు 1945 డిసెంబరు 8న మొదట ఎగిరి, 1946 మార్చి 8న పౌరుల ఉపయోగమునకు ధ్రువపత్రము పొందిన తొలి హెలికాప్టరు అయ్యెను. దాని ప్రతి ఒకటి న్యూయార్కులోని ఆధునిక కళాసంగ్రహాలయమున వ్రేలాడదీయబడినది.

బొమ్మ హెలికాప్టరులో పాఠము

రేడియో తరంగములతో దూరమునుండి యంత్రమును నడుపవచ్చునని నికోలా టెస్లా 1898లోనే న్యూయార్కులో చిన్న పడవతో చూపెను. రేడియో విమాన నమూనాలు చాలకాలముగా ఉన్నవి. హెలికాప్టరు మాత్రము లొంగలేదు. 1970 ప్రాంతమున జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ అను ఇంజనీరు, సంవత్సరముల కృషి తరువాత, చక్కగా అదుపులో నిలుచు నమూనాను సాధించెను. అతడు విడిభాగముల పెట్టెలుగా అమ్మిన హ్యూయీ కోబ్రా నమూనాతో ఈ అభిరుచి పలుదేశములకు ప్రాకెను. ఆర్థర్ యంగ్ కడ్డీయు, మరియొక అమెరికను స్టాన్లీ హిల్లర్ రెక్కపలుకల ఉపాయమును కలిపి ఈ నమూనాలలో వాడిరి. నమూనాలనుండి పెద్ద యంత్రమునకు పోయిన కడ్డీ మరల నమూనాలకే తిరిగివచ్చినది!

తొలి నమూనాలలో రెక్కల వాలు మార్చు ఏర్పాటు లేదు. ఇంజను వేగము పెంచినచో లేచును, తగ్గించినచో దిగును. ఇంజను ఆగినచో అంతే సంగతులు. తరువాతి నమూనాలలో వాలు మార్చు పరికరము వచ్చెను. దానితోపాటు ఒకవైపుకు మాత్రమే పట్టు బేరింగు వచ్చెను. సైకిలు వెనుక చక్రములోని ఫ్రీవీలు వంటిదే ఇది. త్రొక్కుట మానినను సైకిలు చక్రము తిరుగుచున్నట్లు, ఇంజను ఆగినను రెక్కలు తిరుగుచుండును. ఈ రెండును కలిసిన తరువాతనే బొమ్మ హెలికాప్టరుకు స్వయంభ్రమణము సాధ్యమయ్యెను. అంతర్జాతీయ విమానక్రీడా సమాఖ్య పోటీలలో దీనికి స్థానము లభించినది. నేలపై గీసిన చిన్న వలయములో ఇంజను లేకుండ దింపవలెను.

రెక్కలలో నిలువయుండు శక్తి ఎంత? ఉన్నత పాఠశాల గణితముతోనే ఉజ్జాయింపుగా లెక్కింపవచ్చును. 3.3 కిలోగ్రాముల బరువు గల నమూనాకు 60 సెంటీమీటర్ల పొడవు, 120 గ్రాముల బరువు గల రెక్కలు రెండున్నవనుకొందము. వాని జడత్వ భ్రామకము సుమారు 0.04 కిలోగ్రాము-చదరపు మీటరు. నిమిషమునకు 1800 చుట్లు తిరుగుచున్నపుడు గతిజశక్తి సుమారు 700 జౌళ్లు. ఇది ఆ నమూనాను 21 మీటర్ల ఎత్తుకు లేపుటకు చాలిన శక్తి. చాల ఎక్కువగా కనబడును గాని, అంతయు ఖర్చుపెట్టుటకు వీలులేదు. గతిజశక్తి వేగము యొక్క వర్గమునుబట్టి ఉండును. వేగము 70 శాతమునకు తగ్గునప్పటికే శక్తిలో సగము పోయినట్లు. అంతకంటె తగ్గినచో రెక్కలు బరువు మోయలేవు. అనగా వాడదగినది 350 జౌళ్లు. గాలిలో నిలుచుటకు సెకనుకు 300 జౌళ్ల వరకు ఖర్చగును. కనుక చోదకుని చేతిలో ఉన్న గడువు సెకనుకు కొంచెము పైన. ఎంత ఎత్తునుండి దిగినను ఈ నిలువ పెరుగదు. ఎత్తువలన లభించు శక్తిలో మిగిలినదంతయు గాలిని కలచుటకే పోవును.

ఇక నేర్చుకొను విధము. నేలమీద నిలిచి నడుపువానికి యంత్రములో కూర్చున్నవానికి లేని చిక్కు ఒకటున్నది. నమూనా ముక్కు తనవైపు తిరిగినపుడు ఎడమ కుడి తారుమారగును. ఈ తికమక పూర్తిగా పోవువరకు స్వయంభ్రమణము జోలికి పోరాదు. కూర్చున్నవానికి కలుగు కుదుపు, వెన్నుకు తెలియు వేగము ఇతనికి తెలియవు. కంటితో చూచినదియు, రెక్కల చప్పుడులో మార్పును మాత్రమే ఆధారము. అనుభవజ్ఞులు రెక్కల రొద వినియే వేగమును గ్రహింతురు.

ముందుగా కంప్యూటరు తెరమీద వందలసార్లు అభ్యాసము చేయుదురు. తరువాత మైదానములో, గాలికి ఎదురుగా, సుమారు 30 మీటర్ల ఎత్తున ముందుకు సాగుచుండగా పెట్టెపై గల మీటతో ఇంజనును విడదీసి, వెంటనే పిడిని దించి, ఇంకను ఎత్తున ఉండగానే ఇంజనును కలుపుకొందురు. మొదటి పాఠము ఇంతే. దీనిని విసుగు లేకుండ చేయుచు, ఇంజను కలుపు ఎత్తును కొంచెము కొంచెముగా తగ్గింతురు. ఆరేడు సెకన్లలో ముగియు ఈ దిగుడులో క్రొత్తవాడు చేయు తప్పు సాధారణముగా ఒక్కటే: నేల పైకి వచ్చుచున్నదని భయపడి పిడిని ముందుగా లాగుట. నడుము ఎత్తుకు వచ్చువరకు ఓపికపట్టుట నేర్చుకొనుటకు కొందరికి నెలలు పట్టును. నమూనాలు విరుగును. విరిగిన నమూనాతో ఎవరి ప్రాణమును పోదు గనుక, పెద్ద హెలికాప్టరు చోదకునికి దుర్లభమైన స్వేచ్ఛ ఇందులో ఉన్నది. మైదానములో నిలుచు ఇతరుల క్షేమము మాత్రము మరువరాదు. తిరుగుచున్న ఆ రెక్క కత్తితో సమానము. జాతీయ విద్యార్థి సైన్యదళపు వైమానిక శాఖలో నమూనా విమానములను ఎగురవేయుట నేర్పుదురు. ఆసక్తిగల విద్యార్థులు ఈ క్రమశిక్షణను అచ్చటనే మొదలుపెట్టవచ్చును.

2008లో ఈ పాఠమును ఒక యంత్రమే నేర్చుకొనెను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆండ్రూ ఇంగ్, పియెటర్ అబీల్, ఆడమ్ కోట్స్ మొదలగువారు రేడియో హెలికాప్టరును కంప్యూటరుచే నడపించిరి. విన్యాసములను సమీకరణములుగా వ్రాసి ఇచ్చుట దుస్సాధ్యమని తేలుటచే, నిపుణుడైన చోదకుడు చేసి చూపిన ఎగురుటలను కంప్యూటరుకు పాఠముగా ఇచ్చిరి. ఏ నిపుణుడును ఒక విన్యాసమును రెండుసార్లు ఒకేవిధముగా చేయలేడు. ప్రతిసారి ఏదో స్వల్పలోపము ఉండును. అన్నిటిని పోల్చి, అతడు చేయదలచినది ఏదో కంప్యూటరు ఊహించెను. ఆ సంవత్సరమే వారి యంత్రము జారుట, ముక్కెత్తుట, దిగుట అను మూడు దశలుగా స్వయంభ్రమణమును మానవుని చేయి తగులకుండ సాధించెను. గురువుకంటె శిష్యుడు నిలకడగా చేయుట విద్యాచరిత్రలో క్రొత్త కాదు గాని, ఈ శిష్యునకు భయమన్నది లేదు. పిడిని తొందరపడి లాగు గుణము మొదటినుండియు లేదు.

పైరుపై డ్రోను

ఆదోని పత్తి వ్యాపారమునకు ప్రసిద్ధి. పత్తికి పురుగుమందు చల్లుట రైతుకు ఖర్చును, ఆరోగ్యమునకు హానియు కలిగించు పని. జపానులో యమహా సంస్థ 1987లోనే ఆర్-50 అను మనుష్యరహిత హెలికాప్టరును పొలములపై మందు చల్లుటకు అమ్మకమునకు తెచ్చెను. మన దేశమున ఆ పనికి వ్యాపించినది హెలికాప్టరు కాదు, నాలుగు, ఆరు లేక ఎనిమిది చిన్న మరలు గల డ్రోను. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నిబంధనలు నడుపువారి శిక్షణకు, ధ్రువపత్రమునకు మార్గము చూపినవి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము డ్రోను చోదకులకు శిక్షణ ఇచ్చుచున్నది.

ఈ డ్రోనుకు స్వయంభ్రమణము రాదు. దాని మరల వాలు మార్చుటకు వీలులేదు. వేగము మార్చియే దానిని నడుపుదురు. వేగము క్షణములో మారవలెనన్నచో మర తేలికగా ఉండవలెను. తేలిక మరలో శక్తి నిలువయుండదు. బిళ్ల లేని తకిలి వంటిది అది. ఈ లోపమును మరియొక విధముగా పూరించిరి. ఆరు మరల డ్రోనులో ఒక మోటారు ఆగినను, మిగిలిన మరల వేగములను కంప్యూటరు సర్ది, యంత్రము అదుపుతో దిగునట్లు చూడవచ్చును. జనులమీదుగా ఎత్తున పోవు కొన్ని డ్రోనులకు పారాషూటు కట్టుచున్నారు. మందు చల్లు డ్రోను పైరుపై రెండు మూడు మీటర్ల ఎత్తుననే పోవును. అంత తక్కువ ఎత్తున పారాషూటు విచ్చుకొనుటకు సమయము చాలదు. అందుచేత అచ్చట చోదకుని మొదటి నియమము, యంత్రము క్రింద గాని, అది పోవు దారిలో గాని మనుష్యులెవరును లేకుండ చూచుట.